పోంతే-కానే, పాల్మేర్, బోకాస్తెల్: సేంద్రియ సాగుచేసే మూడు పాత ఫ్రెంచి ఎస్టేట్లలో ఏ రెడ్ వైన్ ఎంచుకోవాలి?

మంచి ఫ్రెంచి రెడ్ వైన్ సీసా ఒకటి కొనాలనుకునేవారు సాధారణంగా రెండు ప్రశ్నలతో దుకాణానికి వెళతారు. ఏది పేరున్నది, ఏది మన డబ్బుకు తగినది అన్నవి ఆ ప్రశ్నలు. వీటికంటే ముందు అడగవలసినది మరొకటి ఉన్నదని నా నమ్మకం: ఆ సీసాను ఎప్పుడు తెరుస్తారు, తెరిచేదాకా అది ఎక్కడ ఉంటుంది? పదిహేనేళ్ళు చల్లని చీకటి గదిలో ఉండవలసిన వైన్‌ను తెచ్చి, ఏప్రిల్ నెల హైదరాబాదు ఇంటి అలమరలో నిలబెడితే, ఎంత గొప్ప ఎస్టేట్ పేరైనా దానిని కాపాడలేదు.

పోలికకు మూడు ఎస్టేట్లను తీసుకుంటున్నాను. బోర్డో ప్రాంతంలోని మెడాక్ నుంచి షాతో పోంతే-కానే, షాతో పాల్మేర్. దక్షిణాన రోన్ లోయలోని షాతోనఫ్-ద్యు-పాప్ నుంచి షాతో ద బోకాస్తెల్. మూడింటికీ పాత చరిత్ర ఉన్నది. మూడూ రసాయన పురుగుమందులను, కలుపుమందులను వదిలి, బయోడైనమిక్ పద్ధతివైపు నడిచినవే. అయినా మూడు వైన్లూ రుచిలోను, ధరలోను, ఓపికగా ఎదురుచూడవలసిన కాలంలోను ఒకదానికొకటి చాలా దూరం. అందుకే వీటిని పక్కపక్కన పెట్టి చూడటం ఉపయోగకరమనిపించింది.

ముందుగా సీసా మీది ముద్రల సంగతి

పర్యావరణానికి మేలు చేసే సాగు అని చెప్పుకునే ఫ్రెంచి సీసాలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. "ఓత్ వాలర్ ఆఁవిరోన్‌మాఁతాల్" అనే ప్రభుత్వ ధ్రువీకరణ ముద్రను చాలా సీసాల మీద చూడవచ్చు. జీవవైవిధ్యం, ఎరువుల వాడకం, నీటి వినియోగం వంటి అంశాలను అది లెక్కలోకి తీసుకుంటుంది గాని, కృత్రిమ పురుగుమందులను పూర్తిగా నిషేధించదు. ఆకు ఆకారంలో నక్షత్రాలతో ఉండే యూరోపియన్ యూనియన్ సేంద్రియ ముద్ర అంతకంటే కఠినమైనది. ద్రాక్షతోట సేంద్రియంగా మారడానికి మూడేళ్ళు పడుతుంది. కృత్రిమ కలుపుమందులు, శిలీంధ్రనాశినులు నిషిద్ధం. 2012 నుంచి ఈ నియమాలు తోటను దాటి వైన్ తయారయ్యే గదిలోకి కూడా వచ్చాయి. వైన్ చెడకుండా వాడే సల్ఫైట్లు మామూలు పొడి (తీపి లేని) రెడ్ వైన్‌లో లీటరుకు 150 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. సేంద్రియ ముద్ర ఉన్నదానిలో 100 మించకూడదు.

బయోడైనమిక్ సాగు ఆ పైమెట్టు. 1924లో రుడాల్ఫ్ స్టైనర్ ఇచ్చిన ఉపన్యాసాల నుంచి ఇది పుట్టింది. డెమీటర్, బయోడివాన్ అనే రెండు సంస్థలు దీనికి ధ్రువీకరణ ఇస్తాయి. ఆవు కొమ్ములో పేడ నింపి చలికాలమంతా నేలలో పాతిపెట్టి, తరువాత కొద్ది మోతాదులో నీటిలో కలిపి తోటలో చల్లడం ఇందులో ముఖ్యమైన పని. జీవామృతం, ఘనజీవామృతం ఎరిగిన మన రైతులకు ఇది మరీ వింతగా తోచకపోవచ్చు. చంద్రుని గతిని, గ్రహాల స్థితిని బట్టి పనులు చేయాలన్న వాదనకు శాస్త్రీయమైన రుజువు లేదని నేను నిస్సంకోచంగా చెబుతాను. అయితే ఈ పద్ధతిని నమ్మినవారు ప్రతి వరుసలోను నడిచి, ప్రతి తీగనూ చూసి, తోటలో ఎక్కువ మందిని పనిలో పెట్టి, దిగుబడి తగ్గినా సహిస్తారు. పండులో కనిపించే తేడా చాలావరకు ఆ శ్రద్ధ వల్లనే వస్తున్నదని నా అభిప్రాయం. కనుక ముద్రను రుచికి హామీగా తీసుకోకూడదు. యజమాని ఎంత నష్టానికి సిద్ధపడ్డాడో తెలిపే గుర్తుగా తీసుకుంటే సరిపోతుంది.

ఆ నష్టం ఎలాంటిదో అర్థం కావాలంటే మెడాక్ వాతావరణాన్ని చూడాలి. ఒక పక్క అట్లాంటిక్ సముద్రం, మరొక పక్క జిరోంద్ నదీముఖం. మధ్యలో తేమ, వర్షం, వెచ్చదనం కలిసిన వసంతకాలం. డౌనీ మిల్‌డ్యూకు, అంటే మన ద్రాక్ష రైతులు బూజు తెగులు అనేదానికి, ఇంతకంటే అనువైన చోటు ఉండదు. ఈ తెగులు 19వ శతాబ్దం చివర అమెరికా నుంచి ఫ్రాన్సుకు చేరింది. దారిన పోయేవారు పండ్లు కోసుకుపోకుండా రోడ్డు పక్క తీగలకు మైలుతుత్తం, సున్నం కలిపి పూసే అలవాటు మెడాక్‌లో ఉండేది. అలా పూసిన తీగల ఆకులు తెగులు తగలకుండా నిలిచి ఉండటాన్ని బోర్డో విశ్వవిద్యాలయ ఆచార్యుడు మిల్లార్దే 1882లో గమనించి, ప్రయోగాలు చేసి, 1885లో ఫలితాలను ప్రకటించాడు. నేటికీ మన బత్తాయి, నిమ్మ తోటల్లో ఒక శాతం బోర్డో మిశ్రమంగా కొట్టే మందు అదే. సేంద్రియ సాగులో ఈ తెగులుకు ఇప్పటికీ రాగియే ప్రధాన ఆయుధం. అయితే రాగి నేలలో పేరుకుపోతుంది కనుక, యూరోపియన్ యూనియన్ 2019 నుంచి హెక్టారుకు ఏడేళ్ళలో 28 కిలోలు మించకూడదని పరిమితి పెట్టింది. వాన పడిన ప్రతిసారీ ఆకుల మీది రాగి కడుక్కుపోతుంది, మళ్ళీ కొట్టాలి. వరుసగా వానలు పడే సంవత్సరంలో సేంద్రియ రైతు చేతులు సగం కట్టేసినట్టే.

పోంతే-కానే

పొయాక్ గ్రామంలో, ప్రఖ్యాత మూతోన్ రోత్‌షీల్డ్ తోటకు పొరుగునే ఉన్న ఎస్టేట్ ఇది. 18వ శతాబ్దం తొలినాళ్ళలో మెడాక్ గవర్నరుగా ఉన్న జాన్-ఫ్రాన్స్వా ద పోంతే కూడగట్టిన భూములతో మొదలైంది. 1855లో మూడవ నెపోలియన్ ప్యారిస్ ప్రదర్శన కోసం బోర్డో వైన్లకు చేయించిన వర్గీకరణలో దీనికి అయిదు శ్రేణులలో చివరిదైన అయిదవ శ్రేణి దక్కింది. ఆ వర్గీకరణను దళారులు అప్పటి మార్కెట్ ధరలను బట్టి తయారుచేశారు. ఆ తరువాత దానిలో వచ్చిన పెద్ద మార్పు 1973లో మూతోన్ మొదటి శ్రేణికి ఎక్కడం ఒక్కటే. కనుక సీసా మీద శ్రేణి చూసి నేటి నాణ్యతను అంచనా వేయడం సరికాదు. అయిదవ శ్రేణి పోంతే-కానే రెండవ శ్రేణిలోని కొన్ని ఎస్టేట్లకు దీటుగా నిలిచిన సంవత్సరాలు చాలా ఉన్నాయి.

1865 నుంచి నూటపదేళ్ళు క్రూజ్ కుటుంబం చేతిలో ఉండి, 1975లో కోన్యాక్ వర్తకుడైన గీ తెసెరోన్ చేతికి వచ్చింది. అతని కుమారుడు ఆల్ఫ్రెద్ తెసెరోన్, తోట బాధ్యత చూసిన జాన్-మిషెల్ కోమ్ కలిసి 2004లో బయోడైనమిక్ ప్రయోగం మొదలుపెట్టారు. మెడాక్ వంటి తడి ప్రాంతంలో, 81 హెక్టార్ల తోటలో ఈ పని సాధ్యం కాదని చుట్టుపక్కల చాలామంది అన్నారు. 2007 వేసవిలో బూజు తెగులు విజృంభించినప్పుడు ఆల్ఫ్రెద్ ధైర్యం సడలి రసాయన మందు కొట్టించాడు. దానితో ధ్రువీకరణ ప్రయత్నం మొదటికి వచ్చింది. ఆ నిర్ణయానికి తాను పశ్చాత్తాపపడినట్టు అతడు బహిరంగంగానే చెప్పాడు. మళ్ళీ మొదలుపెట్టి 2010 నాటికి సేంద్రియ ధ్రువీకరణ సంపాదించారు. మెడాక్ వర్గీకృత ఎస్టేట్లలో ఆ స్థాయికి చేరిన మొదటిది ఇదే. 2008 నుంచి నేల అణగిపోకుండా ట్రాక్టర్లకు బదులు గుర్రాలతో పని చేయించడం ప్రారంభించి, క్రమంగా ఆ విస్తీర్ణాన్ని పెంచుతూ వచ్చారు.

2018లో అసలు పరీక్ష వచ్చింది. వసంతమంతా వానలు, ఆపైన తెగులు. ఈసారి రసాయనాలవైపు చూడలేదు. పంటలో సుమారు మూడింట రెండు వంతులు పోయింది. మిగిలిన కొద్ది పండు నుంచి వచ్చిన వైన్ మాత్రం చిక్కగా, లోతుగా, అసాధారణంగా ఉన్నది. ఈ మూడు ఎస్టేట్లలో నా గౌరవం అధికంగా పోంతే-కానేకే దక్కడానికి ఈ చరిత్రే కారణం. ఒకసారి వెనక్కి తగ్గిన మనిషి, అంతకంటే పెద్ద నష్టం ఎదురైనప్పుడు నిలబడటం సులభం కాదు.

ఇక రుచి. ద్రాక్ష రకాలలో కాబెర్నే సోవిన్యోన్ సుమారు మూడింట రెండు వంతులు, మెర్లో మూడింట ఒక వంతుకు దగ్గరగా, కాబెర్నే ఫ్రాంక్, పెతీ వెర్దో కొద్దిగా కలుస్తాయి. కాబెర్నే పండు చిన్నది, తొక్క మందం. అందుకే లేత వయసులో ఈ వైన్ నాలుకను పట్టేసే వగరుతో ఉంటుంది. ఆ వగరు కిందనే నల్ల కరాంటు పండు, దేవదారు చెక్క, తడి గులకరాయి వంటి వాసనలు పొరలుగా కనిపిస్తాయి. 2012 నుంచి ఈ ఎస్టేట్ తన వైన్‌లో మూడవ వంతుకు పైగా ఓక్ పీపాలలో కాకుండా కాంక్రీటు కూజాలలో పెంచుతున్నది. తమ నేలలోని గులకను, సున్నపురాయిని ఆ కాంక్రీటులో కలిపి చేయించుకున్న కూజాలవి. చెక్క వాసన తగ్గి పండు రుచి తేటపడటానికి ఇది తోడ్పడిందని 2012 తరువాతి సీసాలు తాగినవారు గమనించవచ్చు. పొయాక్ వైన్లలో సాధారణంగా ఉండే గంభీరమైన కాఠిన్యం ఇందులో కొంత మెత్తబడింది. అయినా మంచి సంవత్సరపు సీసాకు పన్నెండు నుంచి పదిహేనేళ్ళు ఇవ్వకపోతే అది తనలో ఉన్నదాన్ని పూర్తిగా చూపదు.

పాల్మేర్

మెడాక్‌లోనే కొంత దక్షిణాన, మార్గో ప్రాంతంలో ఉన్నది పాల్మేర్. 1814లో చార్ల్స్ పామర్ అనే ఆంగ్ల సైనికాధికారి దీనిని కొని తన పేరు పెట్టాడు. భారీగా ఖర్చుపెట్టి, చివరకు ఆర్థికంగా దెబ్బతిని 1843లో అమ్ముకున్నాడు. 1853లో పెరేర్ సోదరులనే బ్యాంకర్లు తీసుకున్నారు. రెండేళ్ళకే 1855 వర్గీకరణ వచ్చింది. చేతులు మారుతూ చిక్కులలో పడిన తోట అప్పటికింకా కోలుకోలేదు కనుక మూడవ శ్రేణి దక్కింది. 1938లో కొన్ని బోర్డో వర్తక కుటుంబాలు కలిసి కొన్నాయి. సిషెల్, మేలర్-బెస్ కుటుంబాల వారసులు ఇప్పటికీ యజమానులు. 2004లో తొమా ద్యురూ నిర్వహణ బాధ్యత చేపట్టాడు. 2008లో చిన్న ముక్కలో బయోడైనమిక్ ప్రయోగం మొదలై, 2014 నాటికి 66 హెక్టార్ల తోటంతా ఆ పద్ధతిలోకి వచ్చింది. చలికాలంలో తీగల మధ్య గొర్రెలు మేస్తాయి.

ఇక్కడ కూడా 2018 భయంకరమైన సంవత్సరమే. హెక్టారుకు 11 హెక్టోలీటర్లే, అంటే 1,100 లీటర్లే, వచ్చింది. మెడాక్‌లో మామూలుగా వచ్చేదానిలో ఇది మూడో వంతు కూడా కాదు. ప్రధాన వైన్‌కు తోడుగా తక్కువ ధరకు అమ్మే తన రెండవ వైన్ ఆల్తెర్ ఏగోను పాల్మేర్ ఆ ఏడాది అసలు తయారుచేయలేదు. పండినదంతా ప్రధాన వైన్‌లోకే వెళ్ళింది.

పాల్మేర్ ప్రత్యేకత మెర్లోలో ఉన్నది. మెడాక్ అంతటా కాబెర్నేయే రాజ్యమేలుతుండగా, ఇక్కడ కాబెర్నే, మెర్లో దాదాపు సమానంగా నాటారు. తోడుగా కొద్ది పెతీ వెర్దో. మెర్లో తొందరగా పండుతుంది, వగరు తక్కువ, కండ ఎక్కువ. ఫలితంగా పాల్మేర్‌లో పువ్వుల సువాసన, ముఖ్యంగా వయొలెట్ పూల వాసన, పట్టువంటి స్పర్శ, ఎంత బలమున్నా బరువు తెలియని నడక ఉంటాయి. సుగంధం కోసం వైన్ తాగేవారికి ఈ మూడింటిలో ఇదే మొదటి ఎంపిక. 1961 పాల్మేర్ గత శతాబ్దపు గొప్ప బోర్డోలలో ఒకటిగా నేటికీ పేరు నిలుపుకుంటున్నది.

అడ్డు వచ్చేది ధర. పాల్మేర్ సీసా ధర సాధారణంగా పోంతే-కానేకు రెండు రెట్లకు పైనే ఉంటుంది. రెండు రెట్ల ఆనందం వస్తుందా అంటే, రాదనే నా సమాధానం. నాణ్యత ఒక స్థాయి దాటాక ధర పెరిగినంతగా రుచి పెరగదు. అక్కడి నుంచి చెల్లించేది అరుదైనతనానికి, పేరుకు. అయితే పాల్మేర్ విషయంలో ఒక సౌకర్యాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోవాలి. ఈ ఎస్టేట్ తన వైన్‌లో కొంత భాగాన్ని పదేళ్ళపాటు తన నేలమాళిగలోనే ఉంచి, ఆ తరువాత విడుదల చేస్తున్నది. సొంత సెల్లార్ లేనివారికి, చేతులు మారని సీసాలో పదేళ్ళ వయసున్న వైన్ దొరకడం నిజంగా విలువైనదే. పెళ్ళిరోజుకో, పుట్టిన సంవత్సరానికో గుర్తుగా ఒక్క గొప్ప సీసా తెరవాలనుకునేవారు, అలా విడుదలైన పాల్మేర్ దొరికితే డబ్బు పెట్టవచ్చు. లేత వయసు పాల్మేర్‌ను ఆ ధరకు కొని, వెంటనే తెరవడాన్ని మాత్రం నేను సమర్థించలేను.

బోకాస్తెల్

బోర్డో నుంచి రోన్ లోయకు వస్తే ఆకాశమే మారిపోతుంది. 1309 నుంచి 1377 వరకు పోపులు రోమును విడిచి అవిన్యోన్ నగరంలో నివసించారు; ఆ సమీపంలోని వారి వేసవి విడిది కోట చుట్టూ ఎదిగిన ప్రాంతమే షాతోనఫ్-ద్యు-పాప్. ఎండ తీవ్రం. ఉత్తరం నుంచి మిస్త్రాల్ అనే గాలి బలంగా వీచి ఆకుల మీది తేమను ఆరబెడుతుంది. అందుకే ఇక్కడ సేంద్రియ సాగు మెడాక్‌లోకంటే సులభం. 2018లో తెగులు ఈ ప్రాంతాన్నీ గట్టిగా దెబ్బతీసింది గాని, అటువంటి ఏడాది ఇక్కడ అరుదు.

1549లో పియేర్ ద బోకాస్తెల్ కూర్తెజోన్ గ్రామం దగ్గర ఒక కొట్టాన్ని, దాని చుట్టూ ఉన్న భూమిని కొన్నాడు. ఎస్టేట్ చరిత్ర అక్కడే మొదలవుతుంది. ఫిలోక్సెరా పురుగు ఫ్రాన్సు తోటలను ధ్వంసం చేశాక, 1909లో పియేర్ త్రామియే దీనిని తీసుకొని తోటను తిరిగి నిలబెట్టాడు. అతని అల్లుడు పియేర్ పెర్రాన్ నుంచి నేటి దాకా పెర్రాన్ కుటుంబమే నడుపుతున్నది. ఆ కుటుంబం చెప్పే చరిత్ర ప్రకారం 1950లో సేంద్రియ సాగు, 1974లో బయోడైనమిక్ పద్ధతి ఆరంభమయ్యాయి. సేంద్రియం అన్న మాట మార్కెట్‌లో విలువ సంపాదించడానికి దశాబ్దాల ముందు, ఎవరూ అడగకుండానే జాక్ పెర్రాన్ ఈ దారి పట్టాడు. నేల మీద తలకాయంత గుండ్రటి రాళ్ళు పరచుకొని ఉంటాయి. అవి పగటి వేడిని దాచుకొని రాత్రి విడుస్తాయి.

ఈ ప్రాంతపు నియమాలు అనుమతించే సంప్రదాయ ద్రాక్ష రకాలు పదమూడు. చాలామంది గ్రెనాష్ ఒక్కదాని మీదనే ఆధారపడతారు. బోకాస్తెల్ మాత్రం పదమూడింటినీ పెంచుతుంది. గ్రెనాష్‌తో సమానంగా మూర్వెద్ర్ వాడటం దీని ముఖ్య లక్షణం. గ్రెనాష్ తీపి పండు రుచిని, వెచ్చదనాన్ని ఇస్తే, మూర్వెద్ర్ దానికి ఎముక ఇస్తుంది: నల్లని పండు, తోలు, అడవి మూలికల వాసన, ఏళ్ళ తరబడి నిలిచే శక్తి. మరొక పద్ధతి కూడా ఈ కుటుంబానికి ప్రత్యేకం. కోసిన పండు తొక్కలను కొద్ది క్షణాలు సుమారు 80 డిగ్రీలకు వేడిచేసి, వెంటనే చల్లబరచి పులియబెడతారు. వైన్‌ను ఆక్సీకరణానికి గురిచేసే ఎంజైములు ఆ వేడికి నశిస్తాయి కనుక సల్ఫైట్ తక్కువ సరిపోతుంది. ఆ తరువాత చిన్న కొత్త పీపాలలో కాకుండా పెద్ద పాత ఓక్ తొట్లలో పెంచుతారు కాబట్టి చెక్క వాసన దాదాపు తెలియదు.

రెండు హెచ్చరికలు అవసరం. మొదటిది, 1980లు, 90ల నాటి కొన్ని సీసాలలో బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్ వల్ల పశువుల కొట్టాన్ని తలపించే వాసన ఉంటుంది. దానిని ఇష్టపడేవారూ ఉన్నారు, భరించలేనివారూ ఉన్నారు. ఇటీవలి వైన్లలో ఇది చాలా తగ్గింది. పాత సీసాకు ఎక్కువ ధర పెట్టేముందు ఈ సంగతి తెలిసి ఉండాలి. రెండవది, ఈ వైన్ మొదటి నాలుగైదేళ్ళు పండు రుచితో విప్పారి ఉండి, ఆపైన కొన్నేళ్ళు మూసుకుపోయినట్టు నిశ్శబ్దంగా మారి, పదేళ్ళు దాటాక మళ్ళీ తెరుచుకుంటుంది. కనుక దీనిని అయిదేళ్ళలోపు గాని, పన్నెండేళ్ళ తరువాత గాని తెరవడం మంచిది. మధ్యకాలంలో తెరిచి నిరాశపడి, ఎస్టేట్‌ను నిందించడం న్యాయం కాదు.

ధరలో మూడింటిలోకి ఇదే తక్కువ. ఆల్కహాల్ మాత్రం ఎక్కువ. బోర్డో వైన్లు 13.5 నుంచి 14.5 శాతం మధ్య ఉంటే, బోకాస్తెల్ తరచుగా 14.5 దగ్గర ఉంటుంది.

ఎవరికి ఏది?

చల్లని సెల్లార్ గాని, మంచి వైన్ ఫ్రిజ్ గాని ఉండి, పదేళ్ళు ఆగగలిగినవారు పోంతే-కానే కొనాలి. 2016, 2019, 2020 వంటి సంవత్సరాలను దాచుకోవడానికి తీసుకోవచ్చు. 2018 దొరికితే అదనపు ధర పెట్టినా తప్పులేదు. ఈ వారమే తెరవాలనుకుంటే గొప్ప సంవత్సరాల జోలికి పోకుండా 2012, 2014 వంటి మధ్యస్థ సంవత్సరాలను వెతకాలి. పేరు తక్కువైన సంవత్సరపు వైన్ త్వరగా మెత్తబడుతుంది, ధర కూడా తగ్గుతుంది. అమెరికాలోనో యూరప్‌లోనో ఉంటున్న తెలుగువారికి, నమ్మకమైన దుకాణాలు, నేలమాళిగలు అందుబాటులో ఉంటాయి కనుక, ఈ మార్గం సులభం.

సొంత నిల్వ సౌకర్యం లేనివారికి, ముఖ్యంగా మన రెండు రాష్ట్రాలలో ఉండేవారికి, నా సలహా బోకాస్తెల్. ఇటీవలి సంవత్సరపు సీసా తెచ్చుకొని కొద్ది నెలలలోనే తెరిస్తే అది ఆనందాన్నిస్తుంది. లేత పోంతే-కానే ఆ పని చేయలేదు. అంతకంటే తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలంటే, అదే కుటుంబం పక్క భూములలో పండించే కూదూలే ద బోకాస్తెల్ ఉన్నది. ప్రధాన తోటకు, దీనికి మధ్య ఏ7 మోటార్‌వే మాత్రమే అడ్డం; నేల స్వభావం దాదాపు ఒకటే. బోర్డోలోనూ ఇలాగే లె ఓ ద పోంతే-కానే, ఆల్తెర్ ఏగో అనే రెండవ వైన్లు ఉన్నాయి గాని, ధరకు తగిన తృప్తి విషయంలో కూదూలేకు అవి సాటిరావు.

భోజనంతో తాగేవారు మరొక సంగతి ఆలోచించాలి. కారం నోటిలో ఉన్నప్పుడు టానిన్ (రెడ్ వైన్‌కు వగరునిచ్చే పదార్థం) మరింత గరుకుగా, ఆల్కహాల్ మరింత మంటగా తెలుస్తాయి. గోంగూర మాంసం, ఆంధ్ర కోడివేపుడు ఈ మూడు వైన్లలో దేనికీ సరిపోవు; పులుపు, కారం కలిసి వైన్‌ను చప్పగా చేస్తాయి. రాతి పలక మీద కాల్చే హైదరాబాదీ పత్థర్ కా గోష్త్‌ను కారం తగ్గించి చేయిస్తే, దాని కొవ్వు, పొగ వాసన పోంతే-కానే వగరును చక్కగా మెత్తబరుస్తాయి. మిరియాలు, లవంగం, దాల్చినచెక్క ప్రధానంగా ఉండే మాంసం కూరకు బోకాస్తెల్ బాగా కుదురుతుంది, ఎందుకంటే ఆ సుగంధద్రవ్యాల ఛాయలు వైన్‌లోనే ఉంటాయి. పాల్మేర్‌కు మసాలా లేని వంటకమే మంచిది. దాని సువాసన అతి సున్నితమైనది.

రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట ఫ్రాన్సులోని పాత రాతి ఇళ్ళకు సంబంధించినది. తగిన ఉష్ణోగ్రత 16 నుంచి 18 డిగ్రీలు. మన ఇళ్ళలో వేసవిలో 32 డిగ్రీలుంటే, సీసాను గంటన్నర నుంచి రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి తీయాలి. లేత పోంతే-కానేను మూడు నాలుగు గంటల ముందు డికాంటర్ అనే వెడల్పాటి గాజు పాత్రలోకి వంచాలి గాని, ఆ డికాంటర్ కూడా చల్లని గదిలోనే ఉండాలి. పదిహేనేళ్ళు దాటిన సీసాను ముందురోజే నిలబెట్టి, మడ్డి అడుగుకు చేరాక మెల్లగా వంచి, ఎక్కువసేపు ఆగకుండా తాగడం మంచిది.

కొనేటప్పుడు మెడలో వైన్ మట్టం చూడండి. ఇటీవలి సీసాలో మట్టం తగ్గి ఉన్నా, బిరడా పైకి ఉబికినట్టున్నా, మూత కింద జిగురు కారిన గుర్తున్నా, అది ఎక్కడో వేడికి గురైందని అర్థం; ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. ఏసీ లేని దుకాణంలో ట్యూబ్‌లైటు కింద నెలల తరబడి నిలబడిన సీసాలకూ ఇదే మాట. ఇంటికి తెచ్చాక సీసాను పడుకోబెట్టి ఉంచాలి, అప్పుడు బిరడా ఆరిపోదు. నిల్వకు అనువైనది 12 నుంచి 14 డిగ్రీలు. వైన్ ఫ్రిజ్ లేకపోతే వేసవిలో మామూలు ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచడం అలమరలో ఉంచడంకంటే నయం. కొద్ది నెలలకు దానివల్ల హాని ఉండదు, ఏళ్ళ తరబడి మాత్రం పనికిరాదు.

విదేశం నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకునేవారు, విమాన ప్రయాణికుడు సుంకం లేకుండా తేగలిగింది రెండు లీటర్లేనని గుర్తుంచుకోవాలి. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. మూడవది హద్దు దాటుతుంది. ఆ రెండింటిలో ఒకటి ఈ ఏడాదే తాగడానికి ఇటీవలి బోకాస్తెల్, రెండవది అప్పటికే పదేళ్ళు నిండిన 2014 పోంతే-కానే తెమ్మని చెబుతాను. రెండూ చలికాలంలో వచ్చేలా చూసుకుంటే, ఫిబ్రవరిలోపు తెరవగలిగితే, నిల్వ గురించిన చింత దాదాపు ఉండదు.